నేతిబీరలో నెయ్యి, ఊలాంగ్‌లో పాలు: ఒక తేనీటి పేరుపై అర్థపరిశీలన

వ్యాస సంగ్రహం:

తైవాన్‌లో రూపొందిన జిన్ షువాన్ అనే తేయాకు రకంతో చేసే ఊలాంగ్ తేనీరు ప్రపంచ విపణిలో ‘మిల్క్ ఊలాంగ్’ అనే పేరుతో ప్రసిద్ధి పొందింది. ఇందులో పాలు కలపరు. ఆకు స్వభావం వల్ల, తయారీ నైపుణ్యం వల్ల కలిగే పరిమళాన్ని బట్టి సాదృశ్యంతో వచ్చిన పేరిది. ఈ పేరును లక్ష్యార్థంలో కాక వాచ్యార్థంలో గ్రహించడం వల్ల, పాలవాసన అద్దిన కృత్రిమ సరుకుకు విపణిలో చోటు దొరికింది. ఈ తేనీటి పుట్టుకను, తయారీని, రుచి స్వభావాన్ని వివరించడం, ఆ పేరును శబ్దవృత్తుల దృష్టితోను, సమాస దృష్టితోను పరిశీలించడం, ‘కమ్మదనం’ అనే తెలుగు మాట ఈ రుచికి ఎంతవరకు తగినదో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఊలాంగ్, జిన్ షువాన్, తైవాన్, తేనీరు, లక్షణ, మధ్యమపదలోపి సమాసం, కమ్మదనం.

1. ప్రవేశిక:

నేతిబీరకాయలో నెయ్యి ఉండదని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. పేరుకూ వస్తువుకూ పొంతన కుదరని చోట నేతిబీరకాయను గుర్తు చేయడం మన నుడికారంలో ఉన్నదే. పాలరాతిలో పాలు లేవు. పాలపుంత ఆకాశంలో కనిపించే వెలుగుచార మాత్రమే. ఈ పేర్లు మనలను మోసగించవు. వాటి వెనుక ఉన్న వస్తువులు మనకు తరతరాలుగా తెలిసినవి కాబట్టి, పేరులో ఏ మాటను ఎంతవరకు తీసుకోవాలో ఎవరూ నేర్పకుండానే తెలుసుకుంటాం. వస్తువు దూరదేశానిదై, దాని పేరు మాత్రమే అనువాదమై మన దగ్గరకు వచ్చినప్పుడు ఈ రక్షణ ఉండదు.

‘మిల్క్ ఊలాంగ్’ అటువంటి పేరు. తెలుగునాట టీ అంటే సాధారణంగా పాలు, చక్కెర కలిపి మరిగించినదే. పాలు లేనిదానిని ప్రత్యేకంగా ‘బ్లాక్ టీ’ అనో, ‘డికాక్షన్’ అనో చెప్పుకోవలసి ఉంటుంది. ఈ నేపథ్యంలో ‘మిల్క్ ఊలాంగ్’ అన్న మాట విన్నవారు అది పాలు కలిపిన టీ అనుకోవడం సహజం. నిజానికి అది పాలు లేకుండానే పాలను తలపించే తేనీరు. ఈ తలపు ఎలా పుడుతుంది? ఆ పేరు దానిని ఎంత చెబుతుంది, ఎంత దాస్తుంది? పేరును తప్పుగా చదివితే వస్తువుకే ఏం జరుగుతుంది? ఈ మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి ఆధారం.

2. ఒకే మొక్కకు నాలుగు పేర్లు:

ఊలాంగ్ సంప్రదాయం చైనాలోని ఫుజియాన్ ప్రాంతంలో వృద్ధి చెంది, వలసదారులతో పాటు జలసంధి దాటి తైవాన్‌కు చేరింది. 1869లో జాన్ డాడ్ అనే వర్తకుడు తైవాన్ ఊలాంగ్‌ను నేరుగా న్యూయార్క్‌కు ఎగుమతి చేయడంతో దానికి అంతర్జాతీయ ఖ్యాతి మొదలైంది. జపాను పాలనాకాలంలో, 1903లో, తావోయువాన్ ప్రాంతంలో తేయాకు ప్రయోగక్షేత్రం ఏర్పడింది. తైవాన్ తేయాకు పరిశోధనా కేంద్రానికి మూలం అదే.

ఆ కేంద్రంలో వు జెన్‌దువో ఆధ్వర్యంలో జరిగిన సంకరణ కృషి ఫలితంగా 1981లో ఒక కొత్త రకం విడుదలైంది. ‘తైనొంగ్ 8’ తల్లిమొక్కగా, ‘యింగ్‌జి హొంగ్‌షిన్’ తండ్రిమొక్కగా పుట్టిన ఈ రకానికి అధికారిక నామం ‘తైచా 12’, అంటే తైవాన్ తేయాకు 12. ప్రయోగదశలో దాని సంఖ్య 2027. ఆ సంఖ్యలోని చివరి రెండు అంకెలను పట్టుకొని రైతులు దానిని ‘రెండు ఏడు’ అనే అర్థం వచ్చే ముద్దుపేరుతో పిలిచారు. వు జెన్‌దువో దానికి పెట్టిన పేరు ‘జిన్ షువాన్’. అది ఆయన నాయనమ్మ పేరని తైవాన్ తేయాకు వర్గాలలో ప్రసిద్ధి. ‘జిన్’ అంటే బంగారం. ‘షువాన్’ ఒక పూలమొక్క. చైనా సంప్రదాయంలో ఆ మొక్క మాతృత్వానికి సంకేతం.

పరిశోధకుని సంఖ్య, రైతు ముద్దుపేరు, కుటుంబ స్మృతి అనే ఈ మూడింటిలో ఎక్కడా పాల ప్రసక్తి లేదు. నాలుగవ పేరైన ‘మిల్క్ ఊలాంగ్’ తాగేవారి అనుభవం నుంచి పుట్టి, వర్తకుల ద్వారా వ్యాపించింది. మొదటి మూడూ మొక్కను గుర్తించే పేర్లు. నాలుగవది రుచిని వర్ణించే పేరు. గుర్తింపు పేరును మార్చి వేరొక వస్తువుకు తగిలించడం కష్టం. వర్ణన పేరును ఏ వస్తువుకైనా తగిలించవచ్చు. తరువాత వచ్చిన చిక్కుకు మూలం ఇక్కడే ఉంది.

సంప్రదాయ రకమైన ఛింగ్‌షిన్ ఊలాంగ్ కన్నా జిన్ షువాన్ ఎక్కువ దిగుబడి ఇస్తుంది. ఆకు వెడల్పుగా, మందంగా ఉంటుంది. మైదానాల నుంచి అలిషాన్ వంటి కొండ ప్రాంతాల వరకు వివిధ ఎత్తులలో పెరుగుతుంది. రైతులు దీనిని ఆదరించడానికి పరిమళం ఒక్కటే కారణం కాదు. సాగుకు అనుకూలమైన మొక్క కావడం కూడా కారణమే.

3. ఆకు నుంచి పరిమళం దాకా:

గ్రీన్ టీ, ఊలాంగ్, బ్లాక్ టీ వేర్వేరు మొక్కల నుంచి రావు. ఒకే జాతి మొక్క ఆకును ఎంతవరకు ఆక్సీకరణం చెందనిచ్చారన్నదే వాటి మధ్య ప్రధాన భేదం. గ్రీన్ టీలో కోసిన వెంటనే వేడి తగిలించి ఆ ప్రక్రియను ఆపివేస్తారు. బ్లాక్ టీలో దానిని దాదాపు పూర్తిగా సాగనిస్తారు. ఊలాంగ్ ఈ రెండింటి నడుమది. ఎక్కడ ఆపాలన్న నిర్ణయమే ఊలాంగ్ తయారీలో అసలైన విద్య.

కోసిన ఆకును మొదట ఎండలో పలుచగా పరచి వాడుస్తారు. తరువాత నీడలోకి చేర్చి, గంటల తరబడి విరామాలిస్తూ వెదురు పళ్ళాలలోనో, తిరిగే వెదురు గొట్టాలలోనో కదిలిస్తారు. ఆకులు ఒకదానికొకటి ఒరుసుకొని అంచులు నలుగుతాయి. నలిగిన చోట కణాలు చిట్లి, ఆకులోని పాలీఫినాల్స్ ఎంజైములతోను, గాలితోను కలిసి మార్పు చెందుతాయి. నడుమ భాగం మాత్రం పచ్చగానే మిగులుతుంది. ఈ దశలో ఆకు చెట్టు నుంచి వేరైనా పూర్తిగా చచ్చిపోదు. తనకు తగిలిన గాయానికి ప్రతిస్పందనగా సుగంధ ద్రవ్యాలను పుట్టిస్తుంది. నెరోలిడాల్, ఇండోల్, జాస్మిన్ లాక్టోన్ వంటి పరిమళ ద్రవ్యాలు ఊలాంగ్‌కు పూలవాసన ఇచ్చేవాటిలో ముఖ్యమైనవి.

వాసన సరైన స్థితికి వచ్చిందనుకున్నప్పుడు తయారీదారు ఆకును వేడి పాత్రలో వేసి ఎంజైముల పనిని ఆపుతాడు. ఆ తరువాత ఆకును గుడ్డలో మూటకట్టి, బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తూ చిన్న ఉండలుగా చుట్టుకొనేలా నలుపుతారు. చివరగా ఆరబెట్టి, అవసరాన్ని బట్టి సన్నని సెగపై కాలుస్తారు. తక్కువ ఆక్సీకరణం, తేలికపాటి కాల్పు ఉన్నప్పుడే జిన్ షువాన్‌లోని పాలను తలపించే గుణం స్పష్టంగా తెలుస్తుంది. గట్టిగా కాలిస్తే మాడుపప్పు, వేయించిన గింజల వంటి వాసనలు దానిని కప్పివేస్తాయి. కాబట్టి ఈ పరిమళానికి రెండు కారణాలు: ఆకు రకం దానిని వీలు చేస్తుంది, చేయి దానిని వెలికితీస్తుంది. జిన్ షువాన్ ఆకు అయినంత మాత్రాన ప్రతి తయారీలోనూ ఆ పరిమళం ఒకే తీరున పలకదు.

4. రుచి ఎక్కడ పుడుతుంది?

పాలలో ఉండే లాక్టోజు, కేసిన్, వెన్న వంటివేవీ ఈ తేనీటిలో లేవు. అయినా పాలు తలపుకు రావడానికి మూడు అంశాలు తోడ్పడతాయి.

మొదటిది వాసన. పాలకొవ్వుకు, వెన్నకు కమ్మని వాసన ఇచ్చే ద్రవ్యాలలో లాక్టోనులు ముఖ్యమైనవి. మల్లెజాతి పూలలోను, ఊలాంగ్ తేనీటిలోను కనిపించే జాస్మిన్ లాక్టోన్ కూడా ఆ రసాయన కుటుంబానికి చెందినదే. పూలపరిమళం, వెన్నవాసన మనకు దూరపు విషయాలుగా తోచినా, రసాయనికంగా వాటి మధ్య చుట్టరికం ఉంది. ఈ పరిమళం ముక్కుతో పీల్చినప్పటికన్నా మింగిన తరువాత గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరినప్పుడు ఎక్కువగా తెలుస్తుంది. నాలుకపై తెలుస్తున్నట్టు మనం భావించే రుచిలో పెద్ద భాగం ఇలా వచ్చే వాసనే.

రెండవది స్పర్శ. ఈ తేనీరు నోటిలో పలుచని నీరులా కాక కాస్త మందంగా, నునుపుగా అనిపిస్తుంది. ద్రవానికి ఉన్న ఈ నునుపు మీగడను గుర్తుచేస్తుంది.

మూడవది వగరు తక్కువగా ఉండడం. మన షడ్రుచులలో వగరు ఒకటి. ఆధునిక శాస్త్రం దానిని రుచిగా కాక, పాలీఫినాల్స్ లాలాజలంలోని ప్రోటీనులతో కలిసినప్పుడు నోటిలో కలిగే పిడచకట్టిన స్పర్శగా పరిగణిస్తుంది. మన టీలో పాలు చేసే పని ఇక్కడే ఉంది. పాలలోని కేసిన్ ఆ పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచి వగరును తగ్గిస్తుంది. కడుపారా మరిగించిన డికాక్షన్‌ను ఇష్టంగా తాగగలగడం పాల చలవే. తేలికగా చేసిన జిన్ షువాన్‌లో వగరు మొదటి నుంచే తక్కువ. పాలు కలిపితే కలిగే ఫలితం పాలు కలపకుండానే కొంత లభిస్తున్నది. ‘పాలు’ అన్న మాట నోటికి రావడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

5. పేరు అర్థం: లక్షణ, సమాసం

ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అనే వృత్తులను చెప్పారు. లక్షణ ప్రవర్తించడానికి మమ్మటుడు కావ్యప్రకాశంలో మూడు నిమిత్తాలు పేర్కొన్నాడు. అవి ముఖ్యార్థబాధ, ముఖ్యార్థంతో సంబంధం, రూఢి గాని ప్రయోజనం గాని. ‘గంగలో గొల్లపల్లె’ అన్నప్పుడు నీటిలో పల్లె ఉండడం అసంభవం కాబట్టి ముఖ్యార్థం బాధితమై, తీరం అనే అర్థం స్ఫురిస్తుంది. చల్లదనం, పావనత్వం తోచడం దాని ప్రయోజనం.

‘మిల్క్ ఊలాంగ్’లో కప్పులో పాలు లేకపోవడం ముఖ్యార్థబాధ. పరిమళంలో పోలిక ఉండడం సంబంధం. సాదృశ్యం మూలంగా వచ్చింది కాబట్టి ఇది గౌణీలక్షణ. మృదుత్వాన్ని, నిండుదనాన్ని ఒక్క మాటలో అందించడం ప్రయోజనం. ఇంతవరకు లెక్క సరిపోయింది. అయితే బాధ కలగాలంటే వినేవానికి వస్తువు తెలిసి ఉండాలి. గంగ నది అని తెలియనివానికి ‘గంగలో గొల్లపల్లె’లో ఏ బాధా కనిపించదు. ఊలాంగ్‌లో పాలు కలపరని తెలియనివానికి ఈ పేరులోనూ ఏ బాధా తోచదు. అతని దృష్టిలో అది అభిధ మాత్రమే.

మూలభాషలో ఈ ఇబ్బంది తక్కువ. ఈ గుణాన్ని చెప్పే చైనీస్ మాట ‘నైషియాంగ్’. ‘నై’ అంటే పాలు, ‘షియాంగ్’ అంటే పరిమళం. పాలు కలిపిన టీకి ఆ భాషలో ‘నైచా’ అనే వేరే మాట ఉంది. తైవాన్‌లో పుట్టి ప్రపంచమంతా వ్యాపించిన బబుల్ టీ ఈ నైచా కోవకు చెందినది. పాల పరిమళమున్న టీ వేరు, పాలు కలిపిన టీ వేరు అన్న భేదం అక్కడ మాటలలోనే ఉంది. ఇంగ్లీషు పేరులో ‘పరిమళం’ జారిపోయింది.

మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ‘మిల్క్ ఊలాంగ్’ మధ్యమపదలోపి సమాసం వంటిది. లోపించిన మధ్యమపదాన్ని వినేవాడే పూరించుకోవాలి. ‘పెరుగన్నం’ అన్నప్పుడు ‘పెరుగు కలిపిన అన్నం’ అని పూరిస్తాం. ‘నేతిబీర’ అన్నప్పుడు ‘నేతి వంటి గుణం గల బీర’ అని పూరిస్తాం. రెండింటి బాహ్యరూపం ఒక్కటే. ఏ మధ్యమపదాన్ని నిలపాలో రూపం చెప్పదు, వస్తుజ్ఞానం చెబుతుంది. ‘మిల్క్ ఊలాంగ్’ నేతిబీర వంటి సమాసం. తెలియనివారు దానిని పెరుగన్నం వలె విడదీస్తారు. విగ్రహవాక్యంలో జరిగిన ఈ పొరపాటు విపణిలో ఒక కొత్త సరుకుకు దారితీసింది.

6. వాచ్యార్థం సరుకైనప్పుడు:

పేరులో పాలు ఉన్నాయి కాబట్టి కొనేవారు గట్టి పాలవాసనను ఆశించారు. సహజమైన జిన్ షువాన్ పరిమళం తేలికైనది. పూలవాసన నడుమ అప్పుడప్పుడు తొంగిచూసే మీగడ ఛాయ మాత్రమే అది. ఆశకూ అనుభవానికీ నడుమ ఉన్న ఈ ఖాళీని పరిమళద్రవ్యాలు అద్దిన ఆకు నింపింది. జిన్ షువాన్ కాని, చవక రకాల ఆకును కూడా ఇలా తయారు చేసి అదే పేరుతో అమ్మడం వ్యాప్తిలోకి వచ్చింది.

దీనికి తోడు కథలు పుట్టాయి. తేయాకు పొదలకు పాలు పోసి పెంచుతారనీ, ఆకును పాల ఆవిరిపై పట్టి ఉంచుతారనీ కొందరు అమ్మకందారులు ప్రచారం చేశారు. చంద్రుడు ఒక తోకచుక్కను ప్రేమించి, అది దూరమైనప్పుడు దుఃఖించగా, హఠాత్తుగా వీచిన చలికి తేయాకుకు ఈ గుణం అబ్బిందన్నది మరొక కథ. మొదటి రెండూ పేరును వాచ్యార్థంలో సమర్థించడానికి అల్లినవి. మూడవది పురాణఛాయతో వస్తువుకు ప్రాచీనత కల్పించడానికి అల్లినది. 1981లో ప్రయోగశాల నుంచి వచ్చిన మొక్కకు అనాది కథ అవసరమైందంటే, విపణికి చరిత్ర కన్నా ఐతిహ్యం ఎక్కువ ఉపయోగపడుతుందని అర్థమవుతుంది.

సహజమైన దానినీ, పరిమళం అద్దినదానినీ గుర్తించడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. పొట్లం విప్పగానే పొడి ఆకు నుంచి కోవా, పంచదార పాకం వంటి వాసన గుప్పుమంటే అది అద్దిన పరిమళమని అనుమానించవచ్చు. అద్దిన వాసన మొదటి కాపులో బలంగా ఉండి, రెండు మూడు కాపులలో వేగంగా సన్నగిల్లుతుంది. ఆ తరువాత మిగిలేది అసలు ఆకు రుచి. సహజమైన పరిమళం పొడి ఆకులో అంతగా బయటపడదు. వేడినీటిలో ఉండలు విచ్చుకొనే కొద్దీ మెల్లగా తెలుస్తూ, తరువాతి కాపులలోనూ పూలవాసనతో కలిసి కొనసాగుతుంది.

పరిమళం కలపడం తనంతట తాను దోషం కాదు. మల్లెపూలతో పరిమళింపజేసిన టీ చైనాలో గౌరవమైన సంప్రదాయం. దోషం చెప్పకపోవడంలో ఉంది. భారతదేశంలోని ఆహార నియమాల ప్రకారం పరిమళం కలిపిన టీ అయితే ఆ సంగతి పొట్లంపై ప్రకటించాలి. పాలు పడనివారికి ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. సహజమైన జిన్ షువాన్‌లో పాల పదార్థం ఉండదు. పరిమళం కలిపిన దానిలో ఏమి కలిసిందో పొట్లంపై చదివితే తప్ప తెలియదు. మరొక నష్టం కూడా ఉంది. కోవా వాసనకు అలవాటుపడినవారికి అసలైన జిన్ షువాన్ చప్పగా తోస్తుంది. నకలును కొలమానంగా పెట్టుకొని అసలును కొలవడమంటే ఇదే. శ్రద్ధగా ఆకు కదిలించి, వాసన పట్టి, సమయం చూసి ఆపిన తయారీదారు పనికి అప్పుడు విలువ దక్కదు.

7. కమ్మదనం:

ఈ రుచిని తెలుగులో ఎలా చెప్పాలి? ‘పాల ఊలాంగ్’ అన్న అనువాదం ఇంగ్లీషు పేరులోని చిక్కును యథాతథంగా దిగుమతి చేస్తుంది. మనకు అంతకన్నా తగిన మాట ‘కమ్మ’.

కావ్యభాషలో ‘కమ్మ’ ప్రధానంగా పరిమళవాచి. కమ్మతావి, కమ్మతెమ్మెర వంటి ప్రయోగాలలో అది పూలవాసనకు, ఆ వాసనను మోసుకొచ్చే గాలికి విశేషణం. నేటి వాడుకలో అదే మాట కమ్మని నెయ్యి, కమ్మని పెరుగు, కమ్మని పప్పు అంటూ భోజనపు విస్తరిలోకి వచ్చింది. ముఖ్యంగా పాడి పదార్థాల విషయంలో దీనికి సాటి వచ్చే మాట లేదు. పెరుగు కమ్మగా ఉందంటే పులవలేదని, వాసన బాగుందని, నాలుకకు మెత్తగా తగిలిందని ఒక్కసారే అర్థమవుతుంది. షడ్రుచులలో దీనికి చోటు లేదు. వాసన, స్పర్శ, ఘాటు లేకపోవడం అనే మూడూ కలిసిన అనుభవానికి ఇది పేరు.

జిన్ షువాన్ రుచిలో గుర్తించిన అంశాలూ ఈ మూడే: వాసన, నునుపు, వగరు తక్కువగా ఉండడం. పూలనూ పాలనూ ఒకే మాటతో తాకగల ‘కమ్మదనం’ ఈ తేనీటిని వర్ణించినంత సూటిగా ‘పాలు’ అన్న మాట వర్ణించలేదు. పైగా ‘కమ్మని ఊలాంగ్’ అన్నప్పుడు పాలు కలిశాయన్న భ్రమ కలగదు. ఛాయాభేదాలకు కూడా మన వంటింటి భాషలో మాటలున్నాయి. సహజమైన పరిమళాన్ని కాచిన పాలపై మీగడతోను, అద్దిన పరిమళాన్ని కోవాతోను పోల్చి చెబితే తెలుగు పాఠకునికి తేడా వెంటనే అందుతుంది.

ఇక్కడ ఒక భాషాబంధాన్ని గమనించాలి. తేయాకు, తేనీరు అనే మాటలలోని ‘తే’ ఫుజియాన్ తీరపు మిన్ భాషలోని ‘తే’ నుంచి యూరోపియన్ వర్తకుల ద్వారా వ్యాపించిన రూపం. మనమే వాడే ‘చాయ్’ మరొక చైనీస్ రూపమైన ‘చా’ నుంచి పర్షియన్ మీదుగా వచ్చింది. తైవాన్‌లో విస్తృతంగా మాట్లాడే మిన్ భాషలో నేటికీ టీని ‘తే’ అనే అంటారు. అయినా ‘తేనీరు’ వినగానే తెలుగువారికి తేనె స్ఫురిస్తుంది. తేనె లేని తేనీటిని మనం ఏ తికమకా లేకుండా తాగుతున్నాం. పాలు లేని పాల పరిమళాన్ని గ్రహించడం కూడా మన భాషా సంస్కారానికి అందనిది కాదు.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• మిల్క్ ఊలాంగ్ అసలు రూపం 1981లో తైవాన్‌లో విడుదలైన జిన్ షువాన్ రకపు ఆకుతో చేసిన ఊలాంగ్. అందులో పాలు గాని, పాల పదార్థం గాని ఉండదు.

• పాలను తలపించే గుణం ఆకు రకం, తక్కువ ఆక్సీకరణం, తేలికపాటి కాల్పు కలిసినప్పుడు బయటపడుతుంది. వాసన, నునుపు, వగరు తక్కువగా ఉండడం దానికి ఆధారాలు.

• ‘నైషియాంగ్’ అనే చైనీస్ మాటలోని ‘పరిమళం’ ఇంగ్లీషు పేరులో లోపించింది. నేతిబీర వలె విడదీయవలసిన సమాసాన్ని పెరుగన్నం వలె విడదీయడం వల్ల లక్ష్యార్థం వాచ్యార్థమైంది.

• ఆ వాచ్యార్థానికి తగినట్లు సరుకు తయారైంది. దానివల్ల కొనేవారికి, నిజాయితీగా తయారుచేసేవారికి కూడా నష్టం కలుగుతున్నది.

• ఈ రుచిని తెలుగులో ‘కమ్మదనం’ అనే మాట సమగ్రంగా చెప్పగలదు.

లక్షణను బోధించేటప్పుడు గంగాతీరపు గొల్లపల్లె పక్కన ఈ తేనీటి కప్పును కూడా ఉదాహరణగా ఉంచవచ్చు. ముఖ్యార్థబాధను గుర్తించకపోతే కావ్యంలో ఒక శ్లోకం అర్థం కాకుండా పోతుంది. విపణిలో అయితే వస్తువే మారిపోతుంది. పేర్లను విడదీసి చదవగల నేర్పు సాహిత్య విద్యార్థికి పరీక్షలో ఎంత అవసరమో, పొట్లంపై అక్షరాలు చదివే ప్రతి కొనుగోలుదారుకూ అంతే అవసరం.